మెట్ల దగ్గర ఆగిన ఇన్‌స్పెక్టరు

మా కాకా పోయారని జగిత్యాల వైపు వాళ్ల ఊరి నుంచి ఆయన కొడుకు మొన్న శుక్రవారం ఫోన్ చేశాడు. "బువ్వ తిని ఒరిగిండు సార్. అమ్మ లేపితే లేవలే" అన్నాడు. మీ దగ్గర దాచడం ఎందుకు, నాకు ముందు కలిగింది ఊరటే. ఏడుపు తర్వాత వచ్చింది. బహ్రెయిన్‌లో ముప్ఫై ఏళ్లకు పైగా పనిచేసిన మనిషి పెట్టెలో కాకుండా విమానం సీట్లో కూర్చుని ఇల్లు చేరారు. భార్య వండిన అన్నం తిని, తన మంచం మీద పోయారు. ఇక్కడ బతికేవాళ్లకు అదెంత పెద్ద సంగతో వేరే చెప్పక్కర్లేదు.

ఆయన నాకు చుట్టం కాదు. నాది కాకినాడ. ఇక్కడి అస్కర్‌లో ఒక కాంట్రాక్టరు ఆఫీసులో హాజరు చూసే ఉద్యోగం. ఆయన అక్కడే పరంజాలు కట్టించే మేస్త్రి. క్యాంపంతా కాకా అంటే నేనూ కాకా అన్నాను. కొత్త పరంజా మీదకు ఎవరినీ ముందు ఎక్కనిచ్చేవారు కాదు. ప్రతి పలకనూ మడమతో రెండుసార్లు తన్ని చూసి, "మొదలు నేను తొక్కుత, ఎన్క నువ్వు రా బిడ్డా" అనేవారు. అన్నం దగ్గర మాత్రం ఈ వరస తిరగబడేది. అందరూ తిన్నాకే ఆయన తినేవారు.

శుక్రవారం భోజనాలయ్యాక క్యాంపులో సినిమా వేసేవారు. నేను చేరేనాటికే క్యాసెట్ల కాలం చెల్లిపోతోంది. కానీ మావాళ్లు ఒక్క క్యాసెట్‌ని వదల్లేదు. అదొక పాత ఇటలీ సినిమా. తమ్ముణ్ణి చంపిన దొంగల ముఠాను ఓ ఇన్‌స్పెక్టరు ఊరంతా తరుముతాడు. మాటలు ఇటాలియన్, కింద అక్షరాలు అరబ్బీ. అర్థం చెప్పేది కాకా. టీవీ పక్కన స్టూలేసుకుని, "ఈడు మాటిచ్చి తప్పేటోడు, మొకం జూస్తె తెలుస్తలేదా" అంటూ ఇటలీ దొంగలందరి చేతా తెలంగాణ మాట్లాడించేవారు.

చివర్లో ఇన్‌స్పెక్టరు భుజంలో తూటాతో, సగం కట్టిన భవనం మెట్ల మీద కాలు పెడతాడు. సరిగ్గా అక్కడ కాకా లేచి టీవీ ఆపేసేవారు. "ఇగ టేపు కరాబైంది, మిగిలింది నేను జెప్త" అనేవారు. ఆయన లెక్కలో ఇన్‌స్పెక్టరు దొంగను పట్టుకుని ఇంటికి వెళ్తాడు. తల్లి తలుపు తీసి పళ్లెం నిండా సేమ్యా పెడుతుంది. వినేవాళ్లలో ఒకడు ఎప్పుడూ కళ్లు తుడుచుకునేవాడు.

కిందటేడు డాక్టరు ఆయన గుండె బాగా బలహీనపడిందని, ఇంటికి వెళ్లి విశ్రాంతి తీసుకోమని చెప్పాడు. కాకా మాత్రం కదల్లేదు. రోజూ అడుగుతుంటే చివరికి అన్నారు: "గా సిన్మా ఆఖర్ల ఏమైందో సూసినంక పోత."

"అదేంటి కాకా, చివర మీకు తెలుసుగా?"

"నేనెన్నడు సూడలే బిడ్డా. అంత నేను కల్పిచ్చిందే."

అప్పుడు అసలు సంగతి బయటపడింది. వచ్చిన కొత్తలో ఆ సినిమా చూస్తుండగా ఓవర్‌టైం బస్సు వచ్చిందట. క్యాసెట్ ఆపి, తీసి పరుపు కింద పెట్టారు. ఆ సాయంత్రం సూపర్‌వైజరు పెద్ద వీడియో కెమెరా తెచ్చి, ఇళ్లకు కబురు పంపుకోమన్నాడు. అదే పరుపు కింద కొత్త ఖాళీ క్యాసెట్ కూడా ఉంది. కాకా తీసిచ్చింది సినిమా క్యాసెట్. ఆపిన చోటి నుంచి ఆయన కబురు దాని మీద ఎక్కేసింది. రెండూ ఒకేలా ఉండటంతో, కబురుదనుకుని ఖాళీది ఊరికి వెళ్లేవాడి సంచిలో వెళ్లిపోయింది.

"ఇంటోళ్లు వీసీఆర్ కిరాయికి తెచ్చిన్రు. వాడకట్టంత కూసున్నరు. గంటసేపు టీవీల చీమల లెక్క చుక్కలే సూసిన్రట" అని నవ్వారు.

"ఏం చెప్పారు అందులో?"

"యాదికి లేదు." తర్వాత మెల్లగా అన్నారు: "ఇంటికాడ నేనేం జేస్త బిడ్డా? మనుమలు నన్ను ఫోన్లనే ఎరుగుదురు."

సినిమా వంక మాత్రమేనని అప్పుడు తెలిసింది. ఆ వంక తీరిస్తే తప్ప ఆయన కదలరని కూడా తెలిసింది. ఈ క్యాంపులోనే పోతారేమోనని నాకు భయం పట్టుకుంది. వెతగ్గా వెతగ్గా, ఎవరో ఆ సినిమాని శుభ్రం చేసి కొత్తగా డిస్కు విడుదల చేస్తున్నారని తెలిసింది. అదే రోజు ఆర్డరు పెట్టాను. వచ్చేసరికి రెండు నెలలు పట్టింది. ఆ రెండు నెలలూ పొద్దున్నే హాజరు పుస్తకంలో ముందు ఆయన పేరే చూసుకునేవాణ్ణి.

నువైద్రాత్‌లోని మా ఫ్లాటులో చూశాం. మెట్లు రాగానే కాకా చెయ్యి అలవాటుగా టీవీ వైపు లేచింది, మళ్లీ ఒళ్లోకి దిగింది. ఇన్‌స్పెక్టరు పైకి ఎక్కాడు. దొంగ అప్పటికే చచ్చి పడి ఉన్నాడు. ఇన్‌స్పెక్టరు ఆ మెట్ల మీదే కూర్చుండిపోయాడు. పేర్లు వచ్చేశాయి.

"గింతేనా?" అన్నారు కాకా. "నా కథల కనీసం బువ్వన్న తిన్నడు."

ఇద్దరం కడుపు పట్టుకుని నవ్వాం. తర్వాత ఆయన ఖాళీ తెర వైపు వేలు చూపించారు. "ఆన్నే కూసున్నడు సూడు. ఇంటికి పోక ఆడ కూసుంటె ఏమొస్తది?" అన్నారు. మర్నాడు ఆఫీసుకొచ్చి ఉద్యోగం ముగించే ఖలాస్ కాగితం మీద సంతకం పెట్టారు. వెళ్తూ వెళ్తూ పాత క్యాసెట్ నా చేతిలో పెట్టారు. ఇంటి దగ్గర ఆయనకు దక్కినవి నాలుగు నెలలు. మనవడికి పరంజా తాడు ముడి వేయడం నేర్పుతున్నానని ఫోన్లో చెబుతుండేవారు.

కాకా పోయిన కబురు తెలిసిన మర్నాడు ఆ క్యాసెట్ పట్టుకుని మీనా సల్మాన్ రేవు దగ్గర పాత టీవీలు బాగుచేసే ఒక మలయాళీ దుకాణానికి వెళ్లాను. దుకాణదారు అటక మీది ప్లేయర్ దింపి, దుమ్ము తుడిచి పెట్టాడు. ఇన్‌స్పెక్టరు మెట్టు మీద కాలు పెట్టాడు. తెర గీతలు గీతలుగా వణికింది.

క్యాంపు గోడ ముందు నల్లటి జుట్టుతో కాకా. ఇస్త్రీ మడతలు పోని కొత్త చొక్కా. పక్క నుంచి ఎవరిదో గొంతు, "యల్లా, బోలో భాయ్" అంది.

"నేను మంచిగనే ఉన్న. బువ్వ తిన్న. ఫికర్ పెట్టుకోకున్రి."

అంతే. ఇంకేం చెప్పాలో తెలియలేదాయనకు. నేను దాన్ని నా ఫోన్లో తీసి వాళ్లబ్బాయికి పంపాను. అమ్మ రెండుసార్లు చూసిందని, మూడోసారి పెట్టమందని జవాబు వచ్చింది. దుకాణంలో టేపు ఇంకా తిరుగుతూనే ఉంది. కాకా చేతులు రెండూ పక్కకు పెట్టుకుని, ఎవరైనా చాలంటారేమోనని చూస్తూ, నవ్వుతూ నిలబడి ఉన్నారు.