మునిగినా లేచే ఆట

ఆ మధ్యాహ్నం ఆమదాలవలస స్టేషన్‌లో పాసింజరు బాగా ఆలస్యమైంది. నా పక్కన ఖాళీ చేపల తట్ట పెట్టుకుని కూర్చున్న యాభై ఏళ్ల ఆవిడ ఫోనులో ఆట ఆడుతోంది. ఒకరిద్దరే కూర్చుని తయారుచేసే అలాంటి చిన్న ఆటలంటే నాకు పిచ్చి. నా ఫోనులోనూ ఉన్న ఆ ఆటను గుర్తుపట్టి, "ఇది మీకెలా తెలుసమ్మా?" అని అడిగాను.

"మా కొడుకు ఫోను బాబూ. ఇలాటియ్యే ఎక్కించుకున్నాడు. అన్నీ ఆడీసినాను," అంది. అడక్కుండానే ఒక్కోదాని గురించీ చెప్పింది. "సేద్యం ఆట అబద్దం. అడిగినప్పుడల్లా వాన పడతాది. కొండెక్కే ఆట నిజం, సెయ్యి జారితే మళ్లీ మొదట్నించీ ఎక్కాల. దీపాలు ఎలిగించీది బాగుంటాది గానీ, బేగి అయిపోతాది."

"మరి ఇది?" అన్నాను. తెర మీద చిన్న పడవ, అందులో ఒక మనిషి బొమ్మ.

"ఇది సేసినోడు సముద్రం సూళ్లేదు. మునిగినోడు మళ్లీ ఒడ్డున లేస్తాడు." తెర మీంచి కళ్లు తిప్పకుండానే, "మావోడు సేపల ఏటకెల్లి మరి రాలేదు బాబూ. ఫోను ఇంటికాడ ఉండిపోనాది," అంది.

ఆవిడ పడవను కావాలనే పెద్ద అలలోకి తిప్పింది. బొమ్మ మునిగింది. ఊపిరి బిగబట్టి చూసింది. అది ఒడ్డున లేచి నిలబడగానే వేలితో దాని తల నిమిరింది. వేలు తగిలేసరికి బొమ్మ మళ్లీ పడవ వైపు నడిచింది.

"ఒద్దురా," అంది మెల్లగా.

ఆ ఆట నా ఫోనులో ఇప్పటికీ ఉంది. బొమ్మను ఒడ్డునే ఉంచేశాను.