కొత్తదైపోయిన పాత స్టేషన్

స్టీల్ ప్లాంటు ఉద్యోగానికని భిలాయికి వచ్చిన కొత్తలో మా నాన్న దిగింది పెంకుల కప్పున్న ఒక చిన్న స్టేషన్‌లో. క్వార్టరు చేతికొచ్చేదాకా అక్కడి వెయిటింగ్ రూమే ఆయన ఇల్లు. ఆ గదిని సొంత ఊరిలా చెప్పుకునేవాడు. అసలు సొంత ఊరు విజయనగరం గురించి అంత మురిసిపోతూ చెప్పగా నేను వినలేదు. అందుకే డెబ్బైల చివర్లో, స్టేషన్ పాతబడిందనీ, కూల్చేసి కాంక్రీటుది కడతారనీ తెలిశాక ఆయన రేడియో పెట్టడం మానేశాడు.

తెలిసినవాళ్లందరినీ వెంటేసుకుని వెళ్లి, ఇంత పాత కట్టడం మళ్లీ దొరకదని రైల్వేవాళ్లకు మొరపెట్టుకున్నాడు. పెద్దాఫీసరు వచ్చి చూసి తేలుస్తానన్నాడు.

ఆఫీసరు వస్తున్నాడంటే ప్లాంటు మనిషికి తెలిసిన మర్యాద ఒక్కటే, రంగు వేయడం. ప్లాంటులో చెట్ల మొదళ్లు కూడా తప్పించుకునేవి కావు. క్యాంప్ టూ బస్తీలో పెయింటింగ్ కాంట్రాక్టులు చేసే మా మావయ్యని నాన్న పట్టుకొచ్చాడు.

"ఏటి బావా, ఏ రంగెయ్యమంటావు?"

"పసుపు. అంచుకి గేరూ ఎరుపు."

"మరి మా అక్క వంటింటికి రంగెప్పుడు?"

"అది కూల్చేస్తామని ఎవరన్నా అన్నారేటి?"

అమ్మ మాత్రం అడ్డుచెప్పలేదు. "ఆ వెయిటింగ్ రూము ఉండనీరా. ఈయనకి కోపం వచ్చినప్పుడు ఎళ్లి పడుకోడానికి ఓ చోటుండాలి కదా" అంది.

తన కుర్చీ కదపనంతవరకు ఏమైనా చేసుకోమన్నాడు స్టేషన్ మాస్టరు. మావయ్య బీటలు పూడ్చాడు, బల్లలకు పాలిష్ పెట్టాడు, పెంకులకు కూడా ఎర్రరంగు కొట్టాడు.

ఆఫీసరు ప్లాట్‌ఫాం ఈ చివర నుంచి ఆ చివరకు నడిచి, "పురానావాలా కిధర్ హై?" అని పాతదాని కోసం చుట్టూ చూశాడు.

"యహీ హై, సార్" అన్నాడు నాన్న, ఇదేనని గోడ చూపిస్తూ.

ఆఫీసరు గోడ తట్టి, వేలికి పసుపు అంటిందేమో చూసుకున్నాడు. పాతదనానికి రుజువుగా ఒక్క బీట చూపిద్దామని నాన్న గోడంతా వెతికాడు. మావయ్య పనిమంతుడు, ఒక్కటీ మిగల్చలేదు.

"దీన్ని పాతదని ఎవరన్నారు? చాలా ఏళ్లు ఢోకా లేదు, కూల్చక్కర్లేదు" అని చెప్పి ఆఫీసరు వెళ్లిపోయాడు.

స్టేషన్ దక్కింది. అయినా దాని చరిత్ర ఎవరూ అడగలేదని నాన్న ముఖం మాడ్చుకున్నాడు.

ఆ వానాకాలం ఊరెళదామని అదే గదిలో కూర్చున్నాం. కప్పులోంచి అయిదారు చోట్ల ధారలు. జనం లోపలే గొడుగులు విప్పారు.

"ఏటండీ బాబూ ఈ కురవడం!" అని ఒకాయన విసుక్కున్నాడు.

"పాత కట్టడమండీ మరి," అన్నాడు నాన్న, తడిసిన ముఖం వెలిగిపోతుండగా. "చానా పాతది. ఇటు జరగండి, చెప్తాను."