కువైట్‌లో అలవాటైన చెయ్యి

2023 జనవరి. ఆదోనిలోని ఒక డ్రైవింగ్ స్కూల్లో నేర్పే పనికి చేరి అప్పటికి నాకు రెండేళ్ళు. నా దగ్గరికి ఎక్కువగా ఆడవాళ్ళే వచ్చేవారు. నాకు మాట తక్కువ. కారులో చెప్పలేకపోయినవి ఇంటికి వచ్చి డైరీలో రాసుకునేదాన్ని. ఈరన్న గురించి అందులో ఐదు పేజీలున్నాయి.

ఈరన్నది పెద్దకడుబూరు దగ్గర పల్లె. పదకొండేళ్ళు కువైట్‌లో ఒక ఇంటివాళ్ళ కారు తోలి తిరిగి వచ్చాడు. ఎమ్మిగనూరులోని ఒక బడివాళ్ళు పిల్లల వ్యానుకు తీసుకుంటామన్నారు గానీ, మా దగ్గర ట్రయల్ రిపోర్టు తెమ్మన్నారు. మనిషి చేత రోడ్డు మీద తోలించి చూసి, బండి అప్పగించవచ్చో లేదో మేం రాసిచ్చే కాగితం అది. మా సీనియర్ సెలవులో ఉండడంతో ఆ పని నాకు పడింది.

నన్ను చూసి ఈరన్న నవ్వాడు. "నాకు పరీచ్చ పెట్టేది నువ్వేనామ్మా? నువ్వు పలకా బలపం పట్టినప్పుడే నేను స్టీరింగు పట్టినా."

మా కారు డ్యుయల్ కంట్రోల్‌ది. అంటే నేర్పేవాళ్ళ కాళ్ళ దగ్గర కూడా ఒక బ్రేకు, క్లచ్ ఉంటాయి. ఆదోని బజారులో ఆయన ఎక్కడా తడబడలేదు. ఈ మాత్రం చూస్తే చాలని, అక్కడినుంచే వెనక్కి తిప్పమందామనుకున్నాను. పెద్దాయనకు చెప్పడానికి నోరు రాక ఊరుకున్నాను. కారు ఎమ్మిగనూరు రోడ్డెక్కింది.

"ఆడ రోడ్డు అద్దం మాదిరి ఉంటాదమ్మా. కానీ అంత స్పీడులో తప్పు చేస్తే మనిషి మిగలడు. ఈడ గుంతలు, ఎనుములు, ఆటోలు. మెల్లగా పోతాం గాబట్టి బతికిపోతాండాం."

"ఏది కష్టం అన్నా?"

"ఆడ రూలు తెలిస్తే సాలు. ఈడ మనుషులు తెలియాల."

ఆ మాట అంటుండగానే ఎదురుగా రోడ్డు ఎడమ సగం నిండా కాయలతో సహా కోసి పరిచిన ఉలవకట్టె. బండ్లు తొక్కితే గింజ రాలుతుందని మా వైపు రైతులు ఇలా పరుస్తారు. ఈరన్న ఉలిక్కిపడి కారును కుడికి తిప్పాడు. అటునుంచి పత్తి లారీ వస్తోంది. అది తన ఎడమకు జరిగింది. ఈయన ఇంకా కుడికి తిప్పాడు. కువైట్‌లో బండ్లు కుడి పక్కన నడుస్తాయి. తప్పుకోవాలంటే అక్కడ కుడికే తిప్పాలి. ఇక్కడ రెండు బండ్లూ ఒకే పక్కకు వచ్చాయి.

నేను బ్రేకు తొక్కి స్టీరింగును నా వైపు లాగాను. లారీ హారన్ కొట్టుకుంటూ దాటిపోయింది. మేం ఉలవకట్టెలో ఆగాం.

చేలోనుంచి ఒకామె పరుగున వచ్చింది. "ఏమప్పా, తొక్కమని పరిస్తే తప్పిచ్చుకోని పోతావా? యా ఊరు నీది?"

ఈరన్న నా వైపు తిరిగాడు. "రాయొద్దమ్మా. సోమవారం రమ్మన్నారు. మా పాప ఆ బళ్ళోనే సదువుతాంది. మా నాయన బండెక్కుతానని అందరికీ సెప్పుకునింది."

"ఆ బండ్లో పాప కూడా ఉంటుంది కదన్నా," అన్నాను. అంత మాట నా నోట ఎలా వచ్చిందో తెలియదు.

ఆయన తాళం తిప్పి బండి స్టార్ట్ చేశాడు. "రాయమ్మా," అన్నాడు.

ఇప్పుడే అప్పగించవద్దని, రెండు వారాల తర్వాత మళ్ళీ చూడాలని రాశాను. ఆగుతామని బడివాళ్ళు మాటివ్వలేదు.

మరుసటి ఉదయం నుంచే కామెంటరీ డ్రైవింగ్ మొదలుపెట్టాం. కంటికి కనబడిందీ చేయబోయేదీ పైకి చెబుతూ తోలడం అది. చెయ్యి తిరగకముందే నోరు దాన్ని ఆపుతుంది. "ఎనుము వస్తాంది, బ్రేకు. ఎడమే, ఎడమే. ఆటో అన్న చెయ్యి సూపిచ్చినాడు, యాడికి పోతాడో వానికే తెల్దు!" నాకు నవ్వు ఆగేది కాదు.

రెండు వారాలకు అప్పగించవచ్చని రాశాను. బడివాళ్ళు ముందు ఆయనకిస్తామన్న పెద్ద వ్యానుకు అప్పటికే ఇంకొకరిని పెట్టుకున్నారు. ఈరన్నకు చిన్నదిచ్చారు. వాళ్ళ పాప పెద్ద వ్యాను మానేసి అందులోనే ఎక్కుతోందట.

కొత్తవాళ్ళకు భయం ఉంటుంది, అదే వాళ్ళను కాస్తుంది. బాగా తోలేవాళ్ళ చేతులు మాత్రం మనిషికి చెప్పకుండానే తిరుగుతాయి. అందుకే ఎన్నేళ్ళ అనుభవమని ఇప్పుడు నేను ముందుగా అడగను. ఉలిక్కిపడ్డప్పుడు ఆ చెయ్యి ఎటు పోతుందో చూసేదాకా సంతకం పెట్టను.