మొదటి రంగం చూడని పెళ్ళిచూపులు

మా బంధువుల ఇళ్ళలో నలుగురు కలిసినప్పుడల్లా టొరంటోకు వంద కిలోమీటర్ల దూరంలోని కిచెనర్‌లో మేము చూసిన జర్మన్ సంగీత నాటకం ప్రస్తావన వస్తున్నది. చెప్పేవారిలో చాలామంది ఆనాడు అక్కడ లేరు. ఒకరి కథనంలో నేను వేదిక ఎక్కి ప్రదర్శన ఆపించాను. మరొకరి కథనంలో మా మేనల్లుడు ఒక అమ్మాయిని చూడబోయి మరొక అమ్మాయికి ఉంగరం తొడిగాడు. రెండూ అసత్యాలే. రానున్న వేసవిలో వాడి వివాహం. ఆ విందులో ఈ కథ ఇంకెన్ని వేషాలు వేస్తుందో ఊహించగలను. అందుచేత జరిగినది జరిగిన వరుసలో వ్రాసిపెట్టడం నా బాధ్యతగా భావిస్తున్నాను.

మా చెల్లెలి కొడుకు మిల్టన్‌లో ఉంటూ టొరంటోలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాడు. నేను రిచ్‌మండ్ హిల్‌లో మా అమ్మాయి దగ్గర ఉంటాను. ఈ దేశంలో వాడికి పెద్దవాణ్ణి నేనే కనుక సంబంధం చూసే పని మా చెల్లెలు నాకు అప్పగించింది. కిచెనర్‌లో ఒక తెలుగు కుటుంబం ఉన్నదని తెలిసి ఫోన్ చేశాను. అమ్మాయి పగలు ఒక టెక్ కంపెనీలో పనిచేస్తుంది, సాయంత్రాలు పాశ్చాత్య సంగీతం సాధన చేస్తుంది. ఫొటో పంపమని అడిగితే తండ్రి తటపటాయించారు.

“ఏమనుకోకండి సార్. ఇంతకు ముందు రెండు సంబంధాలు ఫొటో దగ్గర బాగానే ఉన్నాయి, స్టేజీ దగ్గర ఆగిపోయాయి. పెళ్ళయ్యాక ఈ పాటలు మానేస్తుందా అని అడిగారు. ఈసారి మా అమ్మాయి ఫొటో పంపనంటోంది. ముందు వచ్చి షో చూడమనండి, నచ్చితే ఇంటికొచ్చి కాఫీ తాగమనండి, నచ్చకపోతే కాఫీ ఖర్చు కూడా దండగ అంటోంది.”

“పాత్ర ఏమిటి?” అని అడిగాను.

“పనిమనిషి వేషమండీ. కానీ కథంతా దాని చుట్టూనే తిరుగుతుంది.”

పెళ్ళిచూపులంటే ఇంట్లో, మంచి వెలుతురులో, ఇరువైపుల పెద్దల సమక్షంలో జరగాలని నా అభిప్రాయం. చీకటి హాల్లో కూర్చుని వధువును చూడటం నాకు రుచించలేదు. అయినా ఒప్పుకున్నాను. హైదరాబాదులో జర్మన్ భాషను నేను పరీక్షలు వ్రాసి, క్రమపద్ధతిలో నేర్చుకున్నాను. ఉద్యోగ జీవితమంతా యంత్రాల మాన్యువళ్ళను ఆ భాషలోంచి అనువదించాను. పదవీ విరమణ తరువాత ఆ భాష నా చెవిన పడలేదు. దాని మీది మమకారం కూడా నా చేత సరేననిపించింది.

ఆ శనివారం మంచువాన కురిసి హైవే మీద కార్లు బారులు తీరాయి.

“మామయ్యా, మీరు గడియారం చూస్తే ట్రాఫిక్ కదలదు,” అన్నాడు మావాడు.

“నువ్వు గంట ముందు బయలుదేరి ఉంటే నేను చూడవలసిన అవసరం ఉండేది కాదు,” అన్నాను.

జర్మన్ క్లబ్బు హాలు చేరేసరికి దీపాలు ఆర్పేశారు, మొదటి రంగం ముగిసింది. ఒక వృద్ధురాలు టార్చి వెలుగులో మమ్మల్ని చిట్టచివరి వరుసలో కూర్చోబెట్టింది. వేదిక మీద ఇద్దరు యువతులున్నారు. ఇద్దరికీ తెల్లని విగ్గులు, ముఖాల నిండా పౌడరు. ఒకరు పట్టుగౌనులో విసనకర్ర పట్టుకుని ఉన్నారు, మరొకరు ఏప్రన్ కట్టుకుని చీపురుతో ఉన్నారు. నేను వేలెత్తి చూపించాను. “ఆ ఏప్రన్ అమ్మాయి. సరిగా చూడు.”

కథ నాకు అర్థమైనంతవరకు ఇది: ఒక ప్రభువు కుమార్తెను చూడటానికి దూరదేశం నుంచి వరుడు వస్తాడు. అంతకు మించి అంతుపట్టలేదు. గేర్లకూ వాల్వులకూ ఉన్న జర్మన్ మాటలు నాకు కంఠస్థం. నిట్టూర్పులకు వారేమంటారో మాన్యువళ్ళలో ఉండదు. పైగా అంతా పాట.

పట్టుగౌను అమ్మాయి ప్రవర్తన నాకు ఆశ్చర్యం కలిగించింది. ప్రభువు బిడ్డ అయి ఉండి కుర్చీలో కూలబడుతుంది, కేకును రెండు చేతులతో తింటుంది. గంభీరమైన పాట మధ్యలో బల్లమీది మరకను గౌను చేతితో తుడిచేసింది. ఈమెకు నడవడిక నేర్పిన గురువెవరో కానీ శ్రద్ధ లేనివాడని నిశ్చయించుకున్నాను. మావాడు మాత్రం ఆమె పాడినంతసేపూ ముందుకు వంగి కూర్చున్నాడు, బల్ల తుడిచినప్పుడు బయటికే నవ్వాడు.

విరామంలో నన్ను పక్కకు పిలిచాడు.

“మామయ్యా, ఆ ఏప్రన్ అమ్మాయి బాగానే పాడుతోంది. కానీ నా చూపు అక్కడ నిలవడం లేదు.”

“మరి ఎక్కడ నిలుస్తున్నది?”

“ఆ పట్టుగౌను…”

“సిగ్గు లేదురా? ఒకరిని చూడటానికి వచ్చి ఇంకొకరిని చూస్తావా?”

“సిగ్గుంది కాబట్టే చెబుతున్నాను. మనసులో ఇది పెట్టుకుని వాళ్ళింటికెళ్ళి కాఫీ తాగితే మోసం కాదూ? ఇప్పుడే చెప్పేయండి.”

కోపం వచ్చినా, మాటలో న్యాయం ఉన్నది. అమ్మాయి తండ్రి కాఫీ కౌంటరు దగ్గర మా కోసమే ఎదురుచూస్తున్నారు. నమస్కరించి, క్లుప్తంగా చెప్పాను. “మీ అమ్మాయి గాత్రం శ్రేష్ఠమైనది. అయితే మావాడికి ఈ సంబంధం కుదరదనిపిస్తున్నది. మిమ్మల్ని ఆశలో ఉంచడం మర్యాద కాదు.”

ఆయన చేతిలోని పేపరు కప్పు వంక చూశారు. “పాటేనా అండీ అడ్డం?”

“కాదు. కానే కాదు.”

“అందరూ అలాగే అంటారు లెండి. షో అయ్యేదాకా దానికి చెప్పను. పాడనివ్వండి.”

ప్రదర్శన మధ్యలో లేచిపోవడం కళాకారులను అవమానించడమే కనుక మేము తిరిగి కూర్చున్నాము. వేదిక మీద ఏం జరుగుతున్నా, ఆ పేపరు కప్పే నా కళ్ళలో మెదిలింది.

చివరి అంకంలో పట్టుగౌను అమ్మాయి ముందుకు వచ్చింది. ఏప్రన్ అమ్మాయి చేతిలోంచి చీపురు అందుకుని, విగ్గు తీసేసి పాడింది. నల్లని జడ వీపు మీద పడింది. బృందం ఆ చరణాన్నే అందుకుని పదేపదే పాడింది. ఈ గౌను ఆమెది, ఈ చీపురు నాది, ఎవరివి వారికి తిరిగి ఇచ్చేస్తున్నాం అని దాని భావం. ఏ భాగం ఎక్కడ బిగించాలో చెప్పే మాటలు మాన్యువళ్ళలో కోకొల్లలు. నాకు ఒక్క అక్షరం పోకుండా అర్థమైంది.

“ఒరేయ్, ఆ అమ్మాయే,” అన్నాను.

“ఏ అమ్మాయి?”

“మనం చూడటానికి వచ్చిన అమ్మాయి. మనం రాకముందే దొరసానీ పనిమనిషీ దుస్తులు మార్చుకున్నారు.”

వాడు నా మోచెయ్యి పట్టుకున్నాడు. “మరి వాళ్ళ నాన్నగారితో ఏమన్నారు?”

“నువ్వు అనమన్నదే అన్నాను.”

“అయ్యో, పదండి మామయ్యా, వెనక్కి తీసుకోండి!”

ఒకసారి చెప్పిన మాటను వెనక్కి తీసుకోవడం నా స్వభావం కాదు. అయినా చప్పట్లు ఆగకముందే లేచాను. మేము వేదిక పక్క తలుపు చేరేసరికి అమ్మాయి సగం తుడిచిన పౌడరుతో తండ్రి ఎదుట నిలబడి ఉన్నది. ఆయన ఏమీ చెప్పినట్టు లేదు. ఆమె మాత్రం, “ఇట్స్ ఓకే నాన్నా, నాకు తెలుసు,” అంటున్నది.

నేను క్షమాపణ కోరి, మంచువాన మొదలుకొని అన్నీ వరుసగా వివరించాను. తండ్రి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు.

“వెయిట్ అంకుల్,” అన్నది అమ్మాయి. “అంటే, నేను నచ్చానని నన్నే వద్దన్నారా?”

“దురదృష్టవశాత్తూ అంతే.”

ఆమె మావాడి వైపు తిరిగింది. “మీకు నచ్చింది ఆ గౌనేమో?”

“గౌను కాదండీ. దాని చేత్తో బల్ల తుడిచారు చూడండి, అక్కడ.”

ఆమె నవ్వేసింది. “అది డైరెక్టర్ చెప్పింది కాదు. నేనే పెట్టుకున్నా. ఇప్పటిదాకా ఎవరూ నోటీస్ చేయలేదు.”

తండ్రి మెల్లగా మాట కదిపారు. “పెళ్ళయ్యాక మరి పాట…”

“మానేస్తే మళ్ళీ చూడటానికి ఎక్కడికి వెళ్ళాలండీ?” అన్నాడు వాడు.

అమ్మాయి మాత్రం అప్పుడే కాఫీకి పిలవలేదు. “రేపు మ్యాటినీ ఉంది. మొదటి నుంచి చూడండి. ఆ తర్వాత కాఫీ,” అన్నది. ఆ క్రమశిక్షణ నాకు నచ్చింది.

మరునాడు మేము వెళ్ళేసరికి హాలు తాళం కూడా తీయలేదు. మంచులో నిలబడ్డాము. లోపల ముందు వరుసలో కూర్చుని మొదటి రంగం చూశాము. ఏప్రన్ ముడి వేసుకునేంత సేపట్లో ఆ దుస్తుల మార్పిడి అయిపోయింది. హాలంతా నిశ్శబ్దంగా ఉండగా మావాడొక్కడే చప్పట్లు కొట్టాడు. నేను వారించలేదు. సాయంత్రం వారింట్లో కాఫీ తాగాము.

ఇది నేను చూసిన, విన్న ప్రకారం వ్రాసినది. తుడిచింది గౌను చేతితో కాదు, చేతిరుమాలుతో అని కాబోయే వధువు అంటున్నది. పేపరు కప్పులో ఉన్నది టీ అని ఆమె తండ్రిగారి వాదన. నా జర్మన్‌లోనూ పొరపాట్లు దొర్లి ఉండవచ్చు. ఆ సాయంత్రం ఆ హాల్లో ఉన్నవారెవరైనా ఇది చదివితే, తప్పులు దిద్ది నాకు తెలియజేయవలసిందిగా కోరుతున్నాను. వివాహానికి ముందే తెలియజేస్తే, విందులో సరైన కథ వినిపించగలను.