గేమ్ వాయిదా పడ్డది, జాకెట్ మాత్రం టైంకే ఇచ్చిన

మీరు నవ్వుండ్రి, చెప్త... అయ్యో, నవ్వొద్దు అనబోయి నవ్వమన్న! సరే, ఎట్లాగూ నవ్వుతరు, వినుండ్రి. మొన్న సోమవారం యాదమ్మ టీచర్ సన్మానంల నేను మూడుసార్లు స్టేజీ ఎక్కిన. నన్నెవ్వరూ పిలవలే. ఎందుకెక్కిన్నో తెలిస్తే మీరు నా దగ్గర జాకెట్లు కుట్టించుకునుడు బంద్ చేస్తరు. అయినా చెప్త.

కల్వకుర్తిల షాహీన్ టైలర్ అంటే చేతిపని మంచిగుంటదని పేరు. అదే మా గేమింగ్ గ్రూపుల అయితే షాహీన్ అంటే నోరు పెద్దదని పేరు. ప్రతి ఆదివారం పదకొండు గంటలకు అందరం కాల్‌ల కూసుంటం. ఏ గేమ్ వస్తాంది, ఏది వాయిదా పడ్డది, ఏ కంపెనీ మనల్ని ఎట్ల ముంచుతాంది, ఇదే ముచ్చట. చెవుల ఇయర్‌ఫోన్లు, చేతుల కత్తెర. ఏండ్ల నుంచి గట్లనే నడుస్తాంది, ఒక్క బట్ట కూడ ఖరాబు కాలే. మొన్నటిదాక!

మొన్న ఆదివారం టేబుల్ మీద ఉన్నది మామూలు బట్ట కాదు. యాదమ్మ టీచర్ పట్టుచీర జాకెట్ ముక్క. ఆమె అంగన్‌వాడీ టీచర్. మా వాడల సగం మందిమి ఆమె చేతుల మీద పెరిగినోళ్లమే. నేను రోజూ ఏడుస్తుంటే చంకల ఏసుకొని సెంటర్‌కు తీస్కపోయేదట. ముప్పై ఏండ్లు చేసి ఇప్పుడు రిటైర్ అయింది. సన్మానం కోసమని, తనకోసం తాను మొదటిసారి పట్టుచీర కొనుక్కున్నది. ముక్క నా చేతుల పెట్టి, "మంచిగ కుట్టు బిడ్డా, జిందగీల ఒక్కసారే కదా స్టేజీ ఎక్కేది" అన్నది. దానికన్నా పెద్ద ఆర్డర్ నాకు ఇంకేముంటది?

కాల్ మొదలైంది. కేతేపల్లి నుంచి నరేష్ అందుకున్నడు. "అక్కా, విన్నవా? మనం ఎదురుచూస్తున్న గేమ్ మళ్ల వాయిదా. వచ్చే ఏడంట!"

నాకు మండింది. రెండేండ్ల నుంచి ఎదురుచూస్తున్న. ట్రైలర్ ఎన్నిసార్లు చూసిన్నో లెక్కే లేదు.

"డేట్ ఎందుకు చెప్పాలె? చెప్పినంక ఎందుకు మార్చాలె? నేను గిట్ల చేస్తే నా కస్టమర్లు ఊకుంటరా?"

"జర టైం తీస్కోనియ్యి అక్కా. తొందరపడి ఇస్తే ఏమైతదో చూడలేదా? పోయినసారి ఆ రేసింగ్ గేమ్‌ల కార్లు రోడ్డుల దిగబడ్డయి. డౌన్‌లోడ్ అయ్యేసరికే నా డేటా ఒడిసింది, మళ్ల మొదటి రోజే ఇంకో అప్‌డేట్ అన్నరు. లేటయినా మంచిగ ఇస్తే నాకు చాలు."

"ఏం చాలు? చేతనైనోడు టైంకే ఇస్తడు, మంచిగ కూడ ఇస్తడు! వీళ్ల ధ్యాసంత హీరోకు కొత్త డ్రెస్సులు అమ్ముకునుడు మీదనే. బొమ్మకు చొక్కా తొడుగుతందుకు వాళ్లు తీస్కునే పైసలు, నేను నిజం మనుషులకు కుట్టినా తీస్కుంటలేను! అది గాకుంటే పాత గేమ్‌కే రంగేసి కొత్తదని అమ్ముతరు."

"ఆ పాతది వచ్చినప్పుడు మా ఇంట్ల కంప్యూటర్ ఎక్కడిదక్కా? నాకు అది కొత్త గేమే."

గా మాటకు పాపం అనిపించింది, అయినా నా నోరు ఆగుతదా? మళ్ల మొదలుపెట్టిన. "అసలు సంగతి చెప్త విను. వీళ్లకు పని మీద సోయి లేదు నరేష్! సోయి లేదు!"

సోయి లేదని నేను ఒర్రుతున్నప్పుడే, సరిగ్గ గప్పుడే, జాకెట్ రెండో చెయ్యి కోసిన.

మామూలుగ అయితే బట్ట మడతేసి రెండు చేతులూ ఒక్కసారే కోస్తం, కుడిది ఎడమది అదే వస్తది. ఈ ముక్కకు మడతేసేంత బట్ట లేదు. ఒక్కొక్కటి విడిగ కొయ్యాలె. ఒకటి కోసినంక కొలత కాగితం తిరగేసి రెండోది కొయ్యాలె. నేను ప్రపంచంల ఉన్న గేమ్ కంపెనీలన్నిటినీ తిరగేసిన గని కాగితం తిరగెయ్యలే.

సాయంత్రం కుడి చెయ్యి అతికించబోతే, ముందుకు రావాల్సిన చంక లోతు ఎనకకు వచ్చింది. తిప్పి చూసిన. మళ్ల తిప్పి చూసిన. యా అల్లా! రెండూ ఎడమ చేతులే! మిగిలిన బట్ట చూస్తే పిడికెడు లేదు. తిరగేసి కుడదామంటే లోపలి జరీ దారాలన్నీ బయటికి కనపడతయి.

గప్పుడే ఫోన్. "అయ్యిందా బిడ్డా?"

నిజం చెప్పాలె కదా? చెప్పలే. "అయ్యింది టీచర్, జర ఫినిషింగ్ ఒక్కటే ఉన్నది" అన్న. ఫోన్ పెట్టినంక నా మాటలు నాకే యాదికొచ్చి సిగ్గైంది. పొద్దుగాల తిట్టిన కంపెనీలోళ్లు చెప్పే మాట కూడ గిదే.

చంక కాడ కుట్లిప్పి, ఎంత వదులు దొరికితే అంత ఇచ్చి కుట్టిన. సోమవారం పొద్దుగాల టీచర్ వచ్చి తొడుక్కున్నది. ఎడమ చెయ్యి బ్రహ్మాండం. కుడి చెయ్యి సగందాక లేస్తది, ఆడ ఆగుతది.

"షాహీన్, గీ చెయ్యి ఎనకకు గుంజుతాంది బిడ్డా."

"ఇప్పుడు గదే ట్రెండ్ టీచర్!"

నా నోరు పడిపోను! ముప్పై ఏండ్లు పిల్లల అబద్ధాలు విన్న మనిషి. నా మొఖం దిక్కు ఒక్కసారి చూసి, "గట్లనా" అని మాత్రం అన్నది. ఆమె కొత్త చీర కుచ్చిళ్లు సవరించుకుంట పోతుంటే నాకు ఏడుపొక్కటే తక్కువ.

గప్పుడు మెరిసింది ఐడియా. సన్మానం అంటే శాలువా కదా! శాలువా పడ్డదంటే జాకెట్ చేతులు ఎవరికి కనపడతయి? ఉరికి ఒక శాలువా కొనుక్కొచ్చి, పెద్దమనుషులు ఇంక కుర్చీలల్ల కూసోకముందే స్టేజీ ఎక్కి టీచర్‌కు కప్పేసిన. హమ్మయ్య!

కాని మన సన్మానాలు ఎట్లుంటయో మర్చిపోయిన. ఒకరు కప్పుతరు, ఫొటో దిగుతరు, రెండోవాళ్లకు జాగా కావాలె కదా, మొదటిది తీసేస్తరు. సూపర్‌వైజర్ మేడం వచ్చింది, నా శాలువా తీసి పక్కన పడేసింది, తనది కప్పింది. ఫొటో అయింది, అదీ తీసేసిన్రు. ఫొటోగ్రాఫర్ మొత్తుకుంటాండు, "అమ్మా, రెండు చేతులెత్తి దండం పెట్టుండ్రి!" ఎడమ చెయ్యి లేచింది. కుడిది లేవలే. చీర కొంగు ఆ చెయ్యి మీదికి గుంజి పెడదామని నేను పిన్నీసు పట్టుకొని రెండోసారి ఎక్కిన. ఇంకిద్దరు శాలువాలు కప్పి తీసిన్రు, పిన్నీసు ఊడింది. మూడోసారి నా శాలువా పట్టుకొనే ఎక్కి, "చలిగుంది కదా టీచర్" అని కప్పిన. మే నెల, మధ్యాహ్నం పన్నెండు గంటలు! కింద కూసున్నోళ్లందరూ నన్నే చూస్తున్రు.

టీచర్ ఎడమ చేత్తో మైకు తీస్కున్నది. నన్ను దిగనియ్యలే, "నిలవడు" అన్నది.

"ముప్పై ఏండ్లల్ల నేను పెద్ద సదువులు ఏం చెప్పలే. చేతులు కడుక్కునుడు నేర్పిన. పాటలు నేర్పిన. ఇది కుడి చెయ్యి, ఇది ఎడమ చెయ్యి అని నేర్పిన. అందరికీ వచ్చింది." నేను కప్పిన శాలువా తానే తీసి, కుడి చెయ్యి ఎంత లేస్తే అంత ఎత్తి చూపెట్టింది. "గీ ఒక్క పిల్లకే రాలే!"

హాలంత ఘొల్లుమన్నది! నేను మొఖానికి దుపట్టా అడ్డం పెట్టుకున్న. ఆమె మైకు కుడి చేతికి మార్చి, మంచిగున్న చేత్తో నన్ను దగ్గరికి గుంజుకున్నది. తిట్టి ఉంటే తట్టుకునేదాన్ని, గట్ల గుంజుకునేసరికి నిజంగనే ఏడ్చేసిన.

"ఊకో, ఊకో" అని నా తల నిమురుకుంటనే మైకుల చెప్పింది. "తప్పు దీనిది కాదు, నాదే. ఇంకొక్క ఏడాది సెంటర్ల ఉంచుకోవాల్సింది. అందరూ పంపుతున్రని తొందరపడి బడికి పంపిన."

విన్నరా? పూర్తిగ తయారుగాకముందే రిలీజ్ చేసిన్రని నేను ఏండ్ల నుంచి గేమ్‌లను తిడుతున్న. ఆ లిస్టుల మొదటి పేరు నాదే!