ఏడున్నర చింతగింజలు

వాకిట్లో మోటారుసైకిలు పక్కన గొంతుక్కూర్చుని మా మనవడు వెనక చక్రం స్ప్రింగును పానాతో మెట్టు మెట్టుగా బిగిస్తున్నాడు. ఆ కటకట చప్పుడుతో పాటు గ్రీజు వాసన నా మంచం దాకా వచ్చింది. ఎనభై ఏళ్లు దాటినా, ఆ వాసన తగిలితే చాలు, నా చెయ్యి ఇప్పటికీ నోటి మీదికి పోతుంది. ఎవరికి చెప్పినా నవ్వుతారని ఇన్నాళ్లూ చెప్పలేదు.

అప్పుడు నాకు తొమ్మిదేళ్లు. ఆర్మూరు బజారులో పసుపు దిగే రోజులు. చుట్టుపక్కల ఊళ్లలో పసుపు ఉడికించిన ఆవిరి గాలి తిరిగినప్పుడల్లా మా ఇంట్లోకి వచ్చేది, మజ్జిగ తాగినా మక్క గుడాలు తిన్నా అదే వాసన, అరుగు మీద గింజలేరుకునే పిచ్చుకల రెక్కలు కూడా పచ్చగా ఉండేవి. మేం ఆడపిల్లలం బస్తాల నీడలో కూర్చుని, చింతగింజలను బండకు అరగదీసి రెండు బద్దలు చేసి, గవ్వల్లా విసురుకుంటూ పొద్దు గడిపేవాళ్లం. మా నాయనది పసుపు అడితి దుకాణం. భారీ మనిషి. ఆయన నడిచొస్తుంటే అరుగు చెక్కలు ముందే కబురు చెప్పేవి.

యుద్ధం అయిపోయిన మరుసటేడు, పట్నం పక్క లష్కర్‌లో మిలిటరీ వాళ్లు వదిలించుకుంటున్న మోటారుసైకిలు ఒకటి నాయన కొనుక్కొచ్చాడు. ఊరంతా చూడ్డానికొస్తే నేను ధాన్యం గాదె వెనక దాక్కున్నాను. అది మొదలుపెట్టిన మోతకు కోళ్లు గోడలెక్కాయి, మా పెద్దత్త నిమ్మకాయ తెచ్చి చక్రం కింద పెట్టింది. పెద్దత్త నాయనకు అక్క. అమ్మానాన్నలు ఒకే వారంలో గత్తర జబ్బుకు పోతే, తమ్ముణ్ని చంకనేసుకుని పెంచిన మనిషి. తమ్ముడికి దిష్టి తగులుతుందన్న భయం తప్ప ఆమెకు ఇంకో భయం లేదు.

మిలిటరీ బండ్లు బాగుచేసి వచ్చిన మహబూబ్ చాచా పెర్కిట్ తోవలో షెడ్డు వేసుకుని ఉండేవాడు. బండిని చుట్టూ తిరిగి చూసి, సీటు కింది స్ప్రింగులు వేలితో నొక్కి చెప్పాడు.

“గివి ఎవరో బక్క సిపాయికి పెట్టినయి సేఠ్. కూసునేటోని బరువు తెలిస్తెనే బిగించుడు. తక్కువ బరువుకు పెడితె గుంతల ఇనుము ఇనుముకు తాకి, మనిషి ముంగటికి ఎగిరి పడ్తడు.”

అట్లా పడిన సిపాయి ఒకడు దవడ విరిగి ఆరు నెలలు గంజి మీదే బతికాడని కూడా చెప్పాడు. పెద్దవాళ్లు విని తలలూపారు. నేను ఆ రాత్రి అన్నం నమలలేకపోయాను.

మర్నాడు నాయన బస్తాలు తూచే పెద్ద కాంటాలోనే కూర్చున్నాడు. నిండు బరువు పైకి చెబితే మనిషికి దిష్టి అని మా బజారులో నమ్మకం, చంటిపిల్లను తూచినా ఒక పిడికెడు తగ్గించే చెప్పేవారు. పెద్దత్త నాయన గుప్పిట్లో పసుపు కొమ్ము పెట్టి, తూర్పుకు తిప్పి, కళ్లు మూయించింది. తూకం నర్సయ్య ఒక్కొక్క మణుగు రాయీ, ఇప్పటి లెక్కలో పదకొండు కిలోల పైచిలుకు, ఎత్తి పెడుతుంటే నేను లెక్కపెట్టాను. ఏడు రాళ్లు, పైన ఒక అర. పెద్దత్త నర్సయ్య వైపు కన్నెగరేసింది. “ఆరు మణుగులు” అని కేకేశాడు నర్సయ్య. బజారంతా నర్సయ్య నోటి మాట మీద నడిచేది, నాయన ఆ మాటను ఏనాడూ తిరిగి అడగలేదు. చిట్టీ మీద ఆరు అని రాసి, బండితో పాటు షెడ్డుకు పంపాడు. తెల్లారి దాని మీద సిరికొండ పోవాలి.

నా నోరు తెరుచుకోవడం పెద్దత్త చూసింది. నన్ను బస్తాల వెనక్కి లాక్కెళ్లి నా చెయ్యి తన నెత్తిన పెట్టుకుంది.

“గీ ముచ్చట నీ నోట్లకెళ్లి బయటికొస్తె నా తలకాయ పగుల్తది బిడ్డా.”

స్ప్రింగు సంగతి చెప్పబోతే, దిష్టి కంటే ఇనుము గొప్పదా అని కసిరింది. ఇక నా గతి ముందు నుయ్యి, వెనక గొయ్యి. చెబితే పెద్దత్త తల, చెప్పకపోతే నాయన దవడ. దవడతో పోతుందన్న నమ్మకం మాత్రం ఏముంది?

పొద్దు వాలుతుండగా షెడ్డుకు పరుగెత్తాను. మహబూబ్ చాచా పానా తుడుచుకుంటున్నాడు, పని అయిపోయినట్టే. నేను పావడా అంచున కట్టిన మూట విప్పి ఆయన అరచేతిలో చింతగింజలు పెట్టాను. ఏడు నిండు గింజలు, ఒక బద్ద. వేలితో సీటు చూపించాను.

“సేఠ్ బరువా? చిట్టీల ఆరే ఉన్నది గద.”

తల ఊపి, రెండు చేతులతో నోరు మూసుకుని ఏడ్చేశాను. ఆయన గింజలను ఒక్కొక్కటిగా లెక్కపెట్టుకున్నాడు. వాటిని జేబులో వేసుకుని, పానా మళ్లీ అందుకున్నాడు.

మర్నాడు తెల్లవారి నాయన బయల్దేరాడు. నేను ఊపినది తలే గాని విప్పినది నోరు కాదని నాకు నేను వెయ్యిసార్లు చెప్పుకున్నాను, ఒట్టు ఆ తేడా చూస్తుందో లేదో తెలియదు. పెద్దత్త వంగితే భయం, తుమ్మితే భయం, తలంటుకుంటుంటే నీళ్లు ఎర్రగా వస్తాయేమోనని తూము దగ్గర నిలబడ్డాను. రోడ్డు మీద ఎవరు పరుగెత్తినా నాయన కబురే అనుకున్నాను. సాయంత్రం ఆ మోత వినబడేసరికి, మొన్న దాక్కున్నదాన్ని అందరికంటే ముందు వాకిట్లో ఉన్నాను. దుమ్ము కొట్టుకుపోయిన ముఖంతో నాయన నవ్వుతున్నాడు. మోరీ దగ్గర పెద్ద గుంతలో పడ్డాడట, బండి ఎగిరి మళ్లీ మెత్తగా దిగిందట, మహబూబ్ చెయ్యి మంచిదట. నాకు ఆ రాత్రే జ్వరం వచ్చింది.

మూడోరోజు తడిగుడ్డ వేస్తున్న పెద్దత్తకు అంతా చెప్పేశాను. ఆమె చెయ్యి ఆగిపోయింది.

“అర గూడ ఇచ్చినవా?”

“ఇచ్చిన.”

“ఒట్టు తీసి గట్టు మీద పెట్టిన. పండుకో.”

ఒట్టు వేయించిన నా చేతినే తడిగుడ్డతో తుడిచింది. తన దిష్టి భయమే తమ్ముణ్ని ఎంత దూరం పంపబోయిందో ఆమెకు అప్పుడు తెలిసినట్టుంది.

ఆ కాంటా లేదు, మణుగు లేదు, నోటితో తూకం చెప్పే నర్సయ్యలు లేరు. పసుపు బస్తా ఇప్పుడు ఎర్ర అంకెల మీద తూగుతుంది, ఆ అంకెలకు కన్నెగరేసినా తెలియదు. మనవడు నన్ను ఈ బండి మీద వెనక కూర్చోబెట్టుకుని కంటి దవాఖానకు తీసుకుపోతాడట. పానా పట్టుకుని గుమ్మంలోకి వచ్చి, “నా బరువు డెబ్బై ఎనిమిది. నీదెంత అమ్మమ్మా?” అన్నాడు. పిల్లవాడు నిండు బరువు అంత గట్టిగా చెప్పేసరికి, వాకిట్లో ఎవరైనా విన్నారేమోనని చూశాను. తర్వాత నా బరువు చెప్పాను.

“నలభై తొమ్మిదిన్నర. ఆ అర మరువకు.”