వేడి ఇంజిను మీద తాళం తిప్పి చూడండి

1981లో నేను కూర్మన్నపాలెం దగ్గర ఒక ప్రైవేటు నిర్మాణ కంపెనీలో రవాణా ఇంజినీరుగా చేరాను. ఉక్కు కర్మాగారం పనులు చుట్టుపక్కల జోరుగా సాగుతున్న రోజులు. కంపెనీ పేరు చెప్పను. చెబితే నా కోపం ఆ ఒక్క కంపెనీ మీదే అనుకుంటారు. టిప్పర్లు, జీపులు, ఒక క్రేను, ఒక అంబులెన్సు నా కింద ఉండేవి. వాటిని తిప్పడం, బాగు చేయించడం, కొత్తవి కొనేటప్పుడు సలహా ఇవ్వడం నా పని. సలహా అంటే తెలుసు కదా, అడుగుతారు, వింటారు, పక్కన పెడతారు.

మరుసటి వేసవిలో సింహాద్రి అనే ఖలాసీ కాలి మీద ఇనుప దూలం పడింది. ఖలాసీలంటే బరువులు ఎత్తి దించే పనివాళ్లు. అతన్ని అంబులెన్సులో పెద్దాసుపత్రికి తీసుకెళుతుంటే దారిలో రైలు గేటు పడింది. గూడ్సు బండి వెళ్లింది, గేటు లేచింది, మా బండి మాత్రం కదల్లేదు. డ్రైవరు పైడిరాజు ఎన్నిసార్లు తాళం తిప్పినా ఇంజిను మూలగడమే గాని అందుకోలేదు. చివరికి వెనకాల వస్తున్న ఇసుక లారీని ఆపి, అతన్ని ఆ ఇసుక మీద పడుకోబెట్టి ఆసుపత్రికి చేర్చారు. మోకాలి కింది నుంచి కాలు తీసేశారు. ఇంకాస్త ముందు తెచ్చి ఉంటే కాలు దక్కేదేమో అన్నారు డాక్టరుగారు.

మర్నాడే పైడిరాజును సస్పెండు చేశారు. బండి విషయంలో నిర్లక్ష్యం అని అభియోగం. ఆ వారంలోనే రెండో అంబులెన్సు కొనడానికి కమిటీ వేశారు. పరిపాలనాధికారి అధ్యక్షుడు, అకౌంట్స్ ఆఫీసరు ఒకరు, మూడోవాణ్ని నేను. మొదటి బండి కొన్నది ఆ పరిపాలనాధికారే. పైడిరాజు మీద విచారణ జరిపేదీ ఆయనే. ఇందులో తప్పేముందో ఆఫీసులో ఎవరికీ తోచలేదు. నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది.

కమిటీ ముందు రెండు రకాల బండ్లున్నాయి. ఒకటి ఇప్పటికే ఉన్న అంబులెన్సు లాంటి పెట్రోలు వ్యాను. రెండోది డీజిలు బండి. అది గొడవ గొడవగా మోగుతుంది, కుదుపు కూడా ఎక్కువే. అధ్యక్షులవారు బండిని పరీక్షించే పద్ధతి ఎలాంటిదంటే, తలుపు వేసి ఆ చప్పుడు వినేవారు. మెత్తగా పడితే మంచి బండి. తరువాత ముందు సీట్లో కూర్చుని బీచి రోడ్డులో ఒక చుట్టు తిరిగొచ్చేవారు. అంబులెన్సులో పడుకునేవాడు వెనకాల ఉంటాడన్న సంగతి ఆయనకు గుర్తు చెయ్యాల్సి వచ్చింది.

ఆయన దగ్గర ఇంకో బలమైన వాదన ఉంది. పెట్రోలు వ్యాను కొన్న దగ్గర్నుంచి దాని మీద ఒక్క బ్రేక్‌డౌన్ రిపోర్టు లేదు. దారిలో బండి ఆగిపోతే డ్రైవరు రాసివ్వాల్సిన కాగితం అది. సైటులో అందరి కళ్ల ముందూ తిరిగే డీజిలు జీపుల మీద మాత్రం దొంతరలున్నాయి. కాబట్టి వ్యాను నమ్మకమైనది, తప్పు పైడిరాజుది. వ్యాను మంచిదని కమిటీ తేల్చిందా, ఆ మనిషి ఉద్యోగం పోయినట్టే. వ్యానుదే లోపమని తేలితే బయటపడతాడు. మేము కొనబోయే బండి మీద ఒకడి కూడూ గుడ్డా ఆధారపడి ఉన్నాయని అకౌంట్స్ ఆఫీసరుకు చెబితే, "అది మన కమిటీ పరిధిలోకి రాదండీ" అన్నాడు.

నేను షెడ్డుకు వెళ్లి వ్యాను బానెట్ ఎత్తించాను. పెట్రోలు పంపు చుట్టూ పాత తువ్వాలు ముక్క చుట్టి ఉంది, ఎండిపోయి అట్టకట్టింది. విషయం అప్పుడే అర్థమైంది. ఆ వ్యానులో పంపు ఇంజినుకు మరీ ఆనుకుని ఉంటుంది. బండి నడుస్తున్నంతసేపూ చల్లటి పెట్రోలు పారుతూ ఉంటుంది కాబట్టి ఫరవాలేదు. వేడిగా ఉన్న ఇంజినును ఆపామంటే ఆ సెగకు గొట్టంలో పెట్రోలు ఆవిరైపోతుంది. పంపు పెట్రోలును తోడగలదు గాని ఆవిరిని తోడలేదు. మళ్లీ చల్లారేదాకా బండి లేవదు. అంబులెన్సు పనే వేడి ఇంజిను మీద ఆగడం, రోగిని ఎక్కించుకుని వెంటనే బయలుదేరడం. దానికి ఇంతకన్నా పనికిరాని బండి దొరకదు. పంపు మీద తడిగుడ్డ వేసుకుని, నీళ్లు పోసుకుంటూ, పైడిరాజు ఇన్నాళ్లూ దాన్ని నెట్టుకొచ్చాడు.

పైడిరాజుది విజయనగరం వైపు ఒక రైతు కుటుంబం. కూర్మన్నపాలెంలో ఒక గది అద్దెకు తీసుకుని ఉండేవాడు. ఆ సాయంత్రమే వెళ్లి, ఆగిన ప్రతిసారీ రిపోర్టు ఎందుకు రాయలేదయ్యా అని గట్టిగానే అడిగాను.

"బండి సెడిపోనాదని రాస్తే డ్రైవరుకే మెమో ఇత్తారు సార్. రాయకపోతే మంచి బండి, మంచి డ్రైవరు. నానేటి రాత్తాను?" అన్నాడు.

గేటు దగ్గర ఇంజిను ఎందుకు ఆపావంటే దానికీ జవాబుంది. గేట్ల దగ్గర ఇంజిన్లు ఆపి పెట్రోలు ఆదా చెయ్యాలని ఆఫీసు ఆర్డరు. ఇన్నాళ్లూ దాన్ని లెక్కచెయ్యకుండా నడిపిస్తూనే ఉంచేవాడు. పెట్రోలు ఎక్కువ తాగుతోందని ఆ ముందు వారమే మెమో అందింది. "ఆపకపోతే ఓ మెమో, ఆగిపోతే ఓ మెమో. ఆ రోజు ఆపీసాను సార్" అని తల దించుకున్నాడు. ఆ మెమో మీద సంతకం ఎవరిదో నేను అడగలేదు, అధ్యక్షులవారిదేనని నాకు తెలుసు.

నేను పట్టుబట్టి యారాడ కొండ దారిలో పరీక్ష పెట్టించాను. మిట్టమధ్యాహ్నం, వెనకాల మనిషి బరువుకు ఇసుక బస్తాలు. వ్యాన్లు అమ్మే కంపెనీవాళ్లు పంపిన కొత్త వ్యాను ముచ్చటగా కొండెక్కింది. పైన అందరూ దిగి సముద్రం చూస్తున్నారు. అమ్మకాల ప్రతినిధి తెచ్చుకున్న డ్రైవరు మాత్రం సీటు దిగలేదు, ఇంజిను ఆపలేదు. నేను కిటికీలోంచి చెయ్యి పెట్టి తాళం తిప్పి ఇంజిను ఆపేశాను. ప్రతినిధి మొహం వాడిపోయింది.

కాసేపటికి బయలుదేరదామంటే బండి లేవలేదు. "ఇంజిన్ కాస్త చల్లారాలి సార్" అన్నాడతను. "అప్పటిదాకా లోపల పడుకున్నవాడికి రక్తం కార్చవద్దని చెప్పనా?" అని అందరి ముందూ అరిచాను. డీజిలు బండిని కూడా అలాగే ఎక్కించి ఆపాం. తాళం తిప్పగానే అందుకుంది.

ఇక చెప్పేదేముంది అనుకున్నాను. అధ్యక్షులవారు చేతిరుమాలుతో మెడ తుడుచుకుంటూ తాపీగా అన్నారు: "పెట్రోలు బండికి ఇది మామూలే. అనుభవమున్న డ్రైవరుకు ఉపాయం తెలిసుండాలి. గుడ్డ చుట్టాడంటే పైడిరాజుకు తెలుసన్నమాట. తెలిసి కూడా రిపోర్టు చెయ్యలేదు. ఇది నిర్లక్ష్యం కాదు, దాచిపెట్టడం."

అతన్ని విడిపించడానికి నేను పట్టుకొచ్చిన సాక్ష్యాన్నే అతని మెడకు బిగించారు. కమిటీ నివేదికలో "పరీక్ష సమయంలో వాహనం సంతృప్తికరంగా నడిచింది" అని రాశారు. నడిచిందన్నది నిజమే, లేవలేదన్నది రాయలేదు. నేను సంతకం పెట్టకుండా, ఎందుకు పెట్టలేదో వివరంగా రాసి జతచేశాను. ఇద్దరిది ఒక మాట, నాది ఒక మాట. ఆ కాగితంతో పైడిరాజు తరఫున పై అధికారుల దగ్గర పోరాడొచ్చని నా ధీమా.

నాలుగు రోజుల తరువాత పైడిరాజు షెడ్డులో యూనిఫారం వేసుకుని కనిపించాడు. అజాగ్రత్త నాదే, బండిలో ఏ లోపమూ లేదు, క్షమించండి అని రాసిస్తే ఉద్యోగంలోకి తీసుకుంటామన్నారట. రాసిచ్చాడు. నాకు కోపం ఆగలేదు. "నీ కోసం నేను కొట్లాడుతుంటే నువ్వెళ్లి సంతకం పెట్టొస్తావా?" అని విరుచుకుపడ్డాను.

అతను ఏమీ నొచ్చుకోలేదు. "మీరు కోపడగలరు సార్. మీరు కోపడితే కాయితం మీద రాసుకుంటారు. నాను కోపడితే కంపెనీ గేటు కాడే ఆపీత్తారు" అన్నాడు.

ఆ క్షమాపణ పత్రాన్ని కొనుగోలు ఫైలులో పెట్టారు. బండిలో ఏ లోపమూ లేదని దాన్ని రోజూ నడిపిన డ్రైవరే ఒప్పుకున్నాక నా అభ్యంతరానికి విలువేముంది? అదే రకం వ్యాను ఇంకోటి వచ్చింది. పైడిరాజు ఉద్యోగం నిలబడింది, ఆ వ్యాను పేరూ నిలబడింది. దేన్ని ఇచ్చి దేన్ని కొన్నారో సింహాద్రికి ఎవరూ చెప్పి ఉండరు.

నా చేతిలో ఉన్నది ఒక్కటి చేశాను. అంబులెన్సు షెడ్డు వదిలాక ఆసుపత్రి చేరేదాకా ఏ గేటు దగ్గరా ఇంజిను ఆపరాదని నా సంతకంతో ఆర్డరు ఇచ్చాను. పెట్రోలు దండగ అవుతోందని నన్ను సంజాయిషీ అడుగుతూ వచ్చారు. అడిగినప్పుడల్లా ఇచ్చాను.

రిటైరయ్యాక తెలిసినవాళ్లు కారు కొనే ముందు నన్ను సలహా అడుగుతుంటారు. ఎండలో, నిండా మనుషులతో, ఎత్తు రోడ్డు మీద నడిపి ఆపండి, కాసేపాగి మళ్లీ తాళం తిప్పండి అంటాను. ఆ బండి ఎప్పుడైనా ఆగిపోయిందా అని దాన్ని నడిపేవాణ్ని అడగమంటాను. అడిగే ముందు, ఆగిపోయిందని చెబితే అతనికి ఏమవుతుందో కనుక్కోమంటాను. చెప్పినవాడికి శిక్ష పడే చోట చెడ్డ బండి ఒక్కటీ ఉండదు.